మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది: పార్కులు, ఆటస్థలాల మీద అభ్యంతరాలు ఏం రాయాలి?

కాలవగట్టు:
నమస్కారం అండి. మాది గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ. జనాభా లక్షకు అటూ ఇటూ ఉంటుంది. విషయం ఇంకా కౌన్సిల్ ముందు ఉంది కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా మ్యాప్ ఆఫీసులో గోడకు అంటించి, అభ్యంతరాలు రాసి ఇమ్మన్నారు. గడువు దగ్గర పడుతోంది.

మ్యాప్‌లో పసుపు రంగు నాలుగు వైపులా పొలాల్లోకి పోయింది. ఇళ్లు వస్తాయన్నమాట. ఆకుపచ్చ మాత్రం పాత ఊళ్లోని పెద్ద పార్కు, హైస్కూల్ గ్రౌండ్ దగ్గరే ఆగిపోయింది. ఊరి చివర ఒక వైపు రైతుల పొలాల మీద పెద్ద పచ్చ ముక్క ఒకటి వేశారు. కొత్త కాలనీల్లో ఏమీ లేదు. మా లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలం కూడా పసుపులోనే కలిసిపోయింది. ఆ స్థలంలో కల్యాణమండపం కట్టాలని వార్డులో కొందరు గట్టిగా అడుగుతున్నారు.

"పార్కులు కావాలి" అని ఒక్క వాక్యం రాసి ఇస్తే పక్కన పడేస్తారని తెలుసు. ఏం రాస్తే వాళ్లు జవాబు చెప్పక తప్పదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_టీపీఎస్:
కాలవగట్టు గారూ, టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మాస్టర్ ప్లాన్ మ్యాప్ ఊరంతా ఒకే కాగితంలో పట్టేలా గీస్తారు. వెయ్యి, రెండు వేల గజాల లేఅవుట్ పార్కులు అందులో కనిపించకపోవడం మామూలే. పసుపులో కలిసినంత మాత్రాన దాని హోదా పోదు. లేఅవుట్ ప్లాన్‌లో అది ఏమని ఉందో అదే లెక్క. కానీ పదేళ్ల తర్వాత వచ్చే ఆఫీసరు మ్యాప్ మాత్రమే చూస్తాడు. అందుకని, ఆమోదం పొందిన ప్రతి లేఅవుట్‌లోని ఖాళీ స్థలాన్నీ సర్వే నంబరు, విస్తీర్ణంతో అనుబంధ జాబితాగా ప్లాన్ నివేదికలో చేర్చమని అడగండి. ఇది మీ మొదటి అభ్యంతరం కావాలి.

రెండోది లెక్క. లేఅవుట్‌లో 10 శాతం స్థలం వదలాలన్న నిబంధన అందరికీ తెలుసు. కానీ ఆ 10 శాతం భూమి మీద, మనుషుల మీద కాదు. 5 ఎకరాల లేఅవుట్ తీసుకోండి. ఎకరానికి 4,840 గజాల చొప్పున 24,200 గజాలు. పార్కుకు 2,420 గజాలు, అంటే సుమారు 2,023 చదరపు మీటర్లు. రోడ్లూ అవీ పోగా 60 శాతం ప్లాట్లకు మిగిలిందనుకుంటే 200 గజాలవి 72 ప్లాట్లు వస్తాయి. ఇంటికి నలుగురు చొప్పున 288 మంది. మనిషికి 7 చదరపు మీటర్లు. అదే ప్రతి ప్లాటులో మూడు అంతస్తులు వేసి అంతస్తుకో కుటుంబం ఉంటే 864 మంది. మనిషికి 2.3 చదరపు మీటర్లు! పార్కు అదే, నియమం అదే, జనం మూడింతలు.

పట్టణ ప్రణాళికల కోసం కేంద్రం 2014లో తెచ్చిన యూఆర్‌డీపీఎఫ్‌ఐ మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. 5,000 మందికి అర హెక్టారు పార్కు, 15,000 మందికి ఒక హెక్టారు, లక్ష మందికి 5 హెక్టార్లు అని అంచెలు కూడా ఇచ్చాయి. మీది లక్ష జనాభా కాబట్టి చిన్న పార్కులు 20, మధ్యరకం ఆరేడు, ఒక పెద్ద పార్కు. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, ప్లాన్ గడువు ముగిసే నాటికి జనాభా ఎంత అవుతుందని వాళ్లే అంచనా వేశారు, దానికి ఎన్ని చూపించారు? ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి అడగండి. జనాభా అంచనా వాళ్ల నివేదికలోనే ఉంటుంది. అవి మార్గదర్శకాలే తప్ప చట్టం కాదని అంటారు. నిజమే. కానీ ఎందుకు తగ్గించారో కారణం రాయమని అడిగే హక్కు మీకుంది.

సండే_క్రికెట్:
సార్ లెక్క సూపర్. కానీ పార్కు వేరు, గ్రౌండ్ వేరు అని కూడా రాయండన్నా. మా ఊళ్లో పార్కు ఉంది, గేటు మీద "ఆటలు ఆడరాదు" అని బోర్డు. టైల్స్, ఫౌంటెన్, లాన్. ఇంటర్ పిల్లలు ఎక్కడికెళ్లి ఆడాలి? ఎవరైనా వెంచర్ వేసి ఇంకా ప్లాట్లు అమ్మని చోట ఆడుతున్నాం. అక్కడ ఇల్లు లేస్తే ఇంకో చోటికి. ఇప్పుడు బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు వచ్చాయి, గంటకు డబ్బులు. డబ్బున్నవాడికే ఆట అయిపోయింది.

శైలజ_కె:
తమ్ముడు చెప్పింది కరెక్ట్. దానికి నాదొకటి కలుపుతాను. ఆడపిల్లలు ఆడటానికి చోటు గురించి ఎవరూ రాయరు. మా అమ్మాయి షటిల్ ఆడుతుంది. సందులో ఆడితే బైకులు, గ్రౌండ్‌కి వెళ్తే అబ్బాయిల క్రికెట్ ఒక అంగుళం కూడా వదలదు. పార్కుల టైమింగ్స్ కూడా చూడండి, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. ఇంట్లో పనులు తెమిలి ఆడవాళ్లకు కాస్త తీరిక దొరికేది ఆ మధ్యలోనే. అప్పుడు గేటుకి తాళం.

బాత్రూమ్, లైట్లు, బయటి నుంచి లోపల కనిపించే కాంపౌండ్ గ్రిల్. ఈ మూడు లేకపోతే ఆ పార్కులోకి చీకటి పడ్డాక ఏ ఆడమనిషీ అడుగు పెట్టదు. ఎత్తయిన గోడ కట్టి రక్షణ అంటారు, అసలు భయం ఆ గోడ వెనకే మొదలవుతుంది. మాస్టర్ ప్లాన్‌లో ఇవన్నీ ఉండవని తెలుసు, కానీ అడిగేటప్పుడే అడగాలి కదా.

నాలుగో_వార్డు:
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. కల్యాణమండపం అడిగేవాళ్ల బాధ కూడా వినండి. మా పేటలో పెళ్లి చెయ్యాలంటే ప్రైవేటు ఫంక్షన్ హాల్ అద్దె ఒక్కటే అప్పు చేయిస్తుంది. కర్మకాండలకు కూడా రోడ్డు మీద షామియానా వేసుకుంటున్నాం. ఆ ఖాళీ స్థలం ఏళ్ల తరబడి తుమ్మ చెట్లు, చెత్త, పాములు. పార్కు అని బోర్డు పెట్టి వదిలేస్తే ఎవరికి లాభం? హాల్ కడితే కనీసం నలుగురికీ ఉపయోగం.

రిటైర్డ్_టీపీఎస్:
నాలుగో వార్డు గారూ, మీ అవసరం న్యాయమైనదే. చోటు మాత్రం అది కాదు. పార్కుకని వదిలిన స్థలాన్ని ఇంకో మంచి పనికి వాడటం కూడా కుదరదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది, బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయించారు. ఆ కాలనీవాళ్లే కోర్టుకు వెళ్లారు. ఆసుపత్రి ఉపయోగమే అయినా, పార్కు స్థలం జనం కోసం ఉంచినది, దాన్ని అలా మార్చే అధికారం లేదంటూ కోర్టు కేటాయింపు చెల్లదంది. ఆ వీధుల్లో ఉండేవాళ్లకు కోర్టుకెక్కే హక్కుందని కూడా ఒప్పుకుంది. ఈ ఒక్క తీర్పు పట్టుకుని దేశంలో ఎన్ని పార్కులు నిలబడ్డాయో!

మీ హాల్‌కు మున్సిపాలిటీ స్థలం వేరే చూపించమని ఇదే అభ్యంతరాల్లో రాయండి. మాస్టర్ ప్లాన్‌లో పబ్లిక్, సెమీ పబ్లిక్ వాడకానికి వేరే కేటాయింపు ఉంటుంది. ఆ పద్దు కింద మీ వార్డుకు ఏం చూపించారో అడిగితే, కాలవగట్టు గారూ మీరూ కలిసి ఒకే అర్జీ మీద సంతకం పెట్టొచ్చు.

నాలుగో_వార్డు:
వేరే స్థలం చూపిస్తామంటే మాకు అభ్యంతరం ఏముంది సార్. చూపించరు, అదే సమస్య. సరే, ఆ పబ్లిక్ కేటాయింపు సంగతి కనుక్కుంటాను.

ఓరుగల్లు_వాసు:
తెలంగాణ నుంచి నా మాట. మా దగ్గర 2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే అని రాశారు, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని షరతు కూడా. దానివల్ల మొక్కలు నిజంగానే పెరిగినయ్, కాదనలేం. నాకు కనిపించిన ఇబ్బంది ఏందంటే, ప్రకృతి వనం అంటే ఖాళీ కనిపించిన ప్రతిచోటా దగ్గర దగ్గరగా మొక్కలు. చెట్లకు చోటు దొరికింది, పిల్లలు ఉరకడానికి దొరకలేదు. 2022లో క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టిన్రు. మంచి ఆలోచన. కానీ కొన్ని ఊళ్లల్ల జాగా దొరక్క ఊరి బయట ఎక్కడో పెట్టేసరికి పిల్లలు అంత దూరం పోతలేరు. కాబట్టి "ఎంత స్థలం" అని అడిగినట్టే "ఎంత దూరం" అని కూడా అడగండి. ముసలాయన కర్ర పట్టుకుని, పెద్ద రోడ్డు దాటకుండా చేరుకోవాలె. ఊరి చివర వేసిన ఆ పచ్చ ముక్కతో మీ కాలనీ పిల్లలకు ఒరిగేది ఏం లేదు.

ఇంకోటి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసేటప్పుడు, పార్కు వదలలేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం చార్జీ అని 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో పెట్టిన్రు. డబ్బు కట్టినం. పార్కు ఎక్కడ? మీ దగ్గర కూడా ఇట్లాంటి వసూళ్లు ఉంటే, ఎంత వచ్చింది, ఏ కాలనీలో ఎంత ఖర్చు పెట్టిన్రు అని ఆర్టీఐ వేయండి.

పొలం_గట్టు:
ఇక్కడ ఒక రైతు మాట కూడా ఉండాలి. మా నాన్న పేరు మీద ఉన్న ఎకరన్నర మీద పాత ప్లాన్‌లో పచ్చ రంగు వేశారు. పార్కు రాలేదు, డబ్బు ఇవ్వలేదు. ఇల్లు కట్టుకుందామంటే ప్లాన్ రాదు, అమ్ముదామంటే కొనేవాడు రాడు. చుట్టుపక్కల వాళ్లు ప్లాట్లు వేసి అమ్ముకున్నారు. మా చెల్లెలి పెళ్లి ఆ టెన్షన్‌లోనే చేశాం. పార్కులు కావాలని రాసేవాళ్లు ఎవరి భూమిలో అన్నది కూడా రాయాలి.

కాలవగట్టు:
పొలం గట్టు గారూ, మీరు రాసింది చదివాక ముసాయిదాలోని ఆ పచ్చ ముక్క గురించే ఆలోచిస్తున్నాను. అవి సన్నకారు రైతుల పొలాలే. దీనికి దారి ఏంటి సార్?

రిటైర్డ్_టీపీఎస్:
ఇది అసలైన ప్రశ్న. పట్టా భూమి మీద రంగు పూసి వదిలేస్తే రైతుకు అన్యాయం, ఊరికి పార్కు కూడా రాదు. చివరికి ఒత్తిడి పెరిగి భూ వినియోగ మార్పిడి ఇచ్చేస్తారు. అదీ పలుకుబడి ఉన్నవాడికే ముందు వస్తుంది. కాబట్టి వరస ఇలా ఉండాలని రాయండి. ముందు మున్సిపాలిటీ, ప్రభుత్వ భూములు, పాత డంపింగ్ యార్డులు, వాడకంలో లేని ఆఫీసుల ఆవరణలు వెతకాలి. తర్వాత కొత్త లేఅవుట్ల 10 శాతం. పక్కపక్క లేఅవుట్లు వేసేటప్పుడు ఎవరి ముక్క వాళ్లు మూలకు తోసేయకుండా, ఉమ్మడి సరిహద్దు దగ్గర పెట్టిస్తే రెండు చిన్న ముక్కలు కలిసి ఒక గ్రౌండ్ అవుతుంది. అనుమతి ఇచ్చే దశలోనే ఈ షరతు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. చాలా ఊళ్లలో ఈ ఒక్క పని చేయకే కరెంటు స్తంభాల కింద మూడు మూలల ముక్కలు పార్కులయ్యాయి. ఇవన్నీ చూశాక కూడా పట్టా భూమి తప్పదంటే, దానికి పరిహారమో టీడీఆర్ బాండో (భూమికి బదులు ఇంకో చోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు) ఎప్పటిలోగా ఇస్తారో ప్లాన్‌లోనే రాయాలి. గడువు చెప్పలేకపోతే ఆ రంగు తీసేయాలి.

విశాఖ_వాకర్:
భూమి కొనకుండా దొరికే ఖాళీ స్థలం రోడ్డే. మా ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తారు. ఆ కాసేపు రోడ్డు నడిచేవాళ్లదీ, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలదీ. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు ఇలాగే చేశారు. మీ ఊళ్లో ఆదివారం పొద్దున ఒక రోడ్డు మూసి చూడమనండి. ట్రాఫిక్ పోలీసు, నాలుగు బారికేడ్లు చాలు.

కానుగచెట్టు:
ఏ చెట్లు నాటాలన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో త్వరగా పెరుగుతుందని ఏడాకుల పాల చెట్లు విపరీతంగా నాటారు. పూత కాలంలో రాత్రిళ్లు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఊపిరాడటం లేదని జనం గగ్గోలు. త్వరగా పెరిగే విదేశీ మొక్క కోనోకార్పస్ కథ కూడా అంతే. గుజరాత్ 2023లో నిషేధించింది. త్వరగా పచ్చగా కనిపించాలనే ఆత్రం దీనికంతటికీ కారణం. డెల్టా నేలలో కానుగ, వేప, పొగడ, నేరేడు హాయిగా బతుకుతాయి, ఏళ్ల తరబడి నీడ ఇస్తాయి. ఏ మొక్కలు నాటాలో జాబితా ముందే ఖరారు చేయమని రాయండి. లాన్ మాత్రం వద్దనండి. మే నెలలో తాగడానికే నీళ్లు చాలని ఊరికి లాన్ ఎందుకు?

ఓరుగల్లు_వాసు:
చెరువులు ఉంటే జాగ్రత్త. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. ఆ బఫర్‌లో మట్టి దారి, చెట్లు పెడితే నడకకు అంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ సుందరీకరణ పేరుతో చెరువు లోపలికి మట్టి పోసి వాకింగ్ ట్రాక్ వేస్తే చెరువే చిన్నదవుతుంది. వానాకాలం ఆ నీళ్లు కాలనీల్లకే వస్తయ్. ఎఫ్‌టీఎల్ లోపల ఒక్క తట్ట మట్టి కూడా వెయ్యొద్దని రాయండి.

కాలవగట్టు:
మాకు చెరువులు తక్కువ, కాలవలు ఎక్కువ. ఊరి మధ్య నుంచి పోయే కాలవ గట్టు ఒక కొస నుంచి ఇంకో కొసకు నడక దారిగా పనికొస్తుందని నా ఆశ. ఎన్ని వార్డులను కలుపుతుందో! ఇప్పుడైతే కొంత ఆక్రమణ, కొంత చెత్త.

రిటైర్డ్_టీపీఎస్:
గట్టు జలవనరుల శాఖది అయి ఉంటుంది, మున్సిపాలిటీది కాదు. వాళ్ల అనుమతి లేకుండా ప్లాన్‌లో గీసినా పని జరగదు. ఇద్దరూ కలిసి సర్వే చేసి హద్దు రాళ్లు వేయాలని, పూడిక తీసే యంత్రం తిరగడానికి దారి వదిలి మిగిలినదే నడకకు వాడాలని రాయండి. అది ముందే ఒప్పుకుంటే ఇరిగేషన్ వాళ్లు అడ్డు చెప్పడానికి పెద్ద కారణం ఉండదు. గట్టు మీద ఉంటున్న పేదవాళ్లకు ప్రత్యామ్నాయం చూపాకే కదిలించాలని కూడా చేర్చండి. నడకదారి కోసం ఎవరి గుడిసో కూల్చారన్న మాట మీ అర్జీకి అంటకూడదు.

ఇక మీ కాలనీ స్థలం. మీరు ఈ వారమే చేయాల్సిన పని ఇది. లేఅవుట్ నంబరు పట్టుకుని ఆమోదిత ప్లాన్ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. రోడ్లు, పార్కు మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ అందులో కనిపించాలి. కనిపించకపోతే స్థలం కాగితాల మీద ఇంకా వెంచర్ వేసినవాళ్ల పేరునో, పాత రైతు పేరునో ఉన్నట్టే. పంచాయతీగా ఉన్నప్పుడు వేసి తర్వాత మున్సిపాలిటీలో కలిసిన లేఅవుట్లలో ఇది మరీ ఎక్కువ. రికార్డు పంచాయతీ బీరువాలోనే ఉండిపోతుంది. అప్పుడు ఎవడో వచ్చి ఆ స్థలాన్ని ప్లాట్లుగా అమ్మేస్తాడు, కొన్నవాడు కూడా మోసపోతాడు. గిఫ్ట్ డీడ్ రాయించమని, ఆ సర్వే నంబరు భాగాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చేర్చమని కమిషనర్‌కు అర్జీ ఇవ్వండి. సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు నంబరు దాచుకోండి. బల్లలు, ఊయలలు, ఓపెన్ జిమ్ తర్వాత ఎప్పుడైనా వస్తాయి. కాగితం సరిగ్గా లేని పార్కులో ఏది పెట్టినా నిలవదు.

శైలజ_కె:
స్థలం దక్కాక చూసుకునేదెవరు? మా కాలనీలో పార్కు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది, ఏడాది తిరక్కుండానే మోటారు కాలిపోయింది, మొక్కలు ఎండిపోయాయి. వాచ్‌మన్ జీతం ఎవరిస్తారన్నది తేలక గేటుకి తాళం వేశారు.

నాలుగో_వార్డు:
అమ్మా, మా వైపు ఒక పద్ధతి నడుస్తోంది. కరెంటు, నీళ్లు, బోరు రిపేరు మున్సిపాలిటీది. ఊడవడం, తాళం తీయడం కాలనీ సంఘం పెట్టిన మనిషిది. ఇంటింటికీ చందా. రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు కాబట్టి నడుస్తోంది. ఒక్కటే షరతు పెట్టారు, చందా కట్టనివాళ్లను, పక్క పేట పిల్లలను లోపలికి రానివ్వకపోవడం ఉండదు. ఆ షరతు లేకపోతే అది కాలనీ సొంత తోటలా అయిపోతుంది.

సండే_క్రికెట్:
నాలుగో వార్డు అన్నా, ఆ షరతు మాకు చాలా ముఖ్యం. స్కూల్ గ్రౌండ్ల గురించి కూడా ఒక లైన్ పెట్టండి కాలవగట్టు అన్నా. స్కూల్ వదిలాక, సెలవుల్లో గ్రౌండ్ ఊరి పిల్లలకు తెరవాలని. తాళం, శుభ్రం బాధ్యత మున్సిపాలిటీ తీసుకుంటే హెడ్‌మాస్టర్లు ఎందుకు కాదంటారు? కొత్త భూమి అక్కర్లేదు.

కాలవగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఈసీ తీశాను. రోడ్లకు గిఫ్ట్ డీడ్ ఉంది, పార్కు స్థలం అందులో కనిపించడం లేదు. గుండె జారినంత పనైంది. కమిషనర్‌కు అర్జీ రాస్తున్నాను. నాలుగో వార్డు గారు, మీ హాల్ స్థలం డిమాండు అదే అర్జీలో రెండో పేరాగా పెట్టాను. సంతకాలకు ఆదివారం రామాలయం దగ్గర కూర్చుంటున్నాం, మీ పేటవాళ్లను కూడా రమ్మనండి. రైతుల పొలాల మీది పచ్చ రంగుకు గడువు, పరిహారం రాయాలని, లేకపోతే తీసేయాలని ప్రత్యేకంగా రాశాను.

ఒక సందేహం మిగిలింది. అభ్యంతరం ఒక్కరే ఇచ్చినా, వంద సంతకాలతో ఇచ్చినా ఒకటేనా?

రిటైర్డ్_టీపీఎస్:
ఒకే కాగితం మీద వంద సంతకాలుంటే రిజిస్టర్‌లో ఒక అభ్యంతరంగానే నమోదు కావచ్చు. ఉమ్మడి అర్జీ ఇవ్వండి. దానితోపాటు ఒక్కొక్కరూ తమ ఇంటి నంబరు, తమ వార్డు సమస్యతో సొంతంగా అర పేజీ రాసి విడిగా ఇవ్వండి. శైలజ గారు అడిగిన లైట్లు, టాయిలెట్ల సంగతి మీ ఊరి ఆడవాళ్ల చేతే రాయించండి. ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. విచారణకు పిలిస్తే లేఅవుట్ ప్లాన్ కాపీ, ఈసీ వెంట తీసుకెళ్లండి. పార్కు స్థలం గిఫ్ట్ డీడ్‌లో లేదన్నది మాత్రం మాస్టర్ ప్లాన్ అభ్యంతరంతో కలపకండి. దానికి వేరే ఫైలు నడవాలి, వేరే అర్జీగా రేపే ఇవ్వండి.